క్రాప్ నుంచి ఫుల్ ఫ్రేమ్‌కి మారాలా? ఒకవైపు నాటకాలు, ఇంకోవైపు పిట్టలు

తెరముందు:
అందరికీ నమస్కారం. రెండు నెలల నుంచి ఒకటే ఆలోచన, తేలడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా దగ్గర ఉన్నది నికాన్ డి7200, అంటే క్రాప్ కెమెరా, ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్. లెన్సులు నాలుగు: 18-140 కిట్ జూమ్, 35 మి.మీ. ఎఫ్ 1.8 డీఎక్స్ (నికాన్‌లో క్రాప్‌కి పేరు), ఎప్పుడో కొన్న పాత 85 మి.మీ. ఎఫ్ 1.8డి, పిట్టల కోసం 200-500 ఎఫ్ 5.6 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది). నేను తీసేవి ముఖ్యంగా రెండే. ఒకటి నాటకాలు, డాన్స్ ప్రదర్శనలు, మాకు తెలిసిన రెండు మూడు బృందాలకి తీసిస్తాను. రెండోది ఆదివారం పొద్దున పిట్టలు. నాటకాల దగ్గరే బాధ. స్టేజీ మీద వెలుతురు తగ్గగానే ఐఎస్ఓ (వెలుతురుని పెంచి చూపే సెట్టింగు) 6400కి పోతుంది, నల్లటి తెర మీద రంగురంగుల చుక్కలు, ముఖాలు పిండి చల్లినట్టు ఉంటాయి. ఫ్లాష్ వాడనివ్వరు, వాడకూడదు కూడా. అందరూ "ఫుల్ ఫ్రేమ్ తీసుకో, అన్నీ సర్దుకుంటాయి" అంటున్నారు. డబ్బు ఒక్కసారే పెట్టగలను, మళ్లీ కొన్నేళ్ల దాకా కుదరదు. మారిన వాళ్లు, మారి వెనక్కి వచ్చిన వాళ్లు, అసలు మారని వాళ్లు కాస్త చెప్పండి.

గాజుకన్ను:
మారిపోండి. నేను నాలుగేళ్ల క్రితం మారాను, ఒక్కరోజు కూడా తప్పు చేశానని అనిపించలేదు. చీకట్లో తీసిన ఫైలు తెరిచి నీడల్ని పైకి లాగితే తెలుస్తుంది తేడా. పైగా వ్యూఫైండర్‌లోంచి చూస్తేనే వేరేగా ఉంటుంది, కిటికీ పెద్దది చేసినట్టు.

పిట్టలదారి:
గాజుకన్ను గారు చెప్పింది నాటకాలకి సరే, పిట్టల సంగతి ఏమిటి? 200-500 లెన్సుని 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌కి తగిలిస్తే పిట్ట అంతే చిన్నగా పడుతుంది, చుట్టూ ఖాళీ ఎక్కువ వస్తుంది. ఆ ఖాళీని కోసేస్తే మిగిలేది సుమారు 10 మెగాపిక్సెల్. ఇప్పుడు మీ డి7200లో అదే పిట్ట మీద 24 మెగాపిక్సెల్ కూర్చుంటున్నాయి. ఈకల వివరాలు కావాలనుకునే వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. 45 మెగాపిక్సెల్ బాడీలు, అంటే డి850, జెడ్8 లాంటివి అయితే డీఎక్స్ కోతలో కూడా 19 దాకా వస్తాయి, కానీ అవి ఇంకో మెట్టు పైన ఉన్న కెమెరాలు, బరువూ ఖర్చూ రెండూ.

మూడుకాళ్లు:
ఒక మాట సరిచేయాలి, కొత్తవాళ్లు చదువుతారు కాబట్టి. క్రాప్ సెన్సర్ లెన్సు పొడవుని పెంచదు. 500 మి.మీ. ఎక్కడ పెట్టినా 500 మి.మీ.నే. చిన్న సెన్సర్ ఆ బొమ్మలో మధ్య భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది, అందుకని 750 పెట్టినప్పుడు కనిపించేంత ఇరుకుగా కనిపిస్తుంది. లాభం ఎక్కడ వస్తుందంటే ఆ చిన్న చోటులో పిక్సెళ్లు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల. పిట్టలదారి గారు చెప్పింది అదే.

ఇక వెలుతురు సంగతి. ఫుల్ ఫ్రేమ్ 36×24 మి.మీ., నికాన్, సోనీ, ఫుజీ క్రాప్ సెన్సర్లు సుమారు 23.5×15.6. వైశాల్యం లెక్కేస్తే ఫుల్ ఫ్రేమ్ 2.3 రెట్లు పెద్దది. కానన్ క్రాప్ ఇంకాస్త చిన్నది, 1.6 లెక్క, అక్కడ తేడా 2.6 రెట్ల దాకా ఉంటుంది. ఒకే ఎఫ్ నంబరు, ఒకే షట్టర్ పెడితే ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే వెలుతురు రెండింట్లోనూ సమానమే, కానీ మొత్తం ఫోటో పోగుచేసుకున్న వెలుతురు పెద్దదానిలో 2.3 రెట్లు. నాయిస్, అంటే మీరు చెప్పిన ఆ చుక్కలు, తగ్గడానికి కారణం ఇదే. వెలుతురు నాలుగు రెట్లైతే అందులో ఉండే సహజమైన గరుకు రెండు రెట్లే అవుతుంది, అందుకే ఎక్కువ వెలుతురు అంటే శుభ్రమైన బొమ్మ. స్టాపుల్లో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) చెప్తే తేడా ఒకటి కంటే కాస్త ఎక్కువ, అంతే. మీ 6400 ఫైలు అక్కడ ఇంచుమించు 2800 ఫైలులా కనిపిస్తుంది. ఇది మంచి లాభమే. కానీ చాలామంది అనుకున్నంత పెద్దది కాదు.

తెరముందు:
@మూడుకాళ్లు ఒక్క స్టాపేనా? నేను రాత్రికి పగలుకి ఉన్నంత తేడా అనుకున్నాను. యూట్యూబ్‌లో చూస్తే అలాగే ఉంటుంది మరి.

మూడుకాళ్లు:
ఆ వీడియోల్లో 2015 నాటి క్రాప్ కెమెరాని నిన్నగాక మొన్న వచ్చిన ఫుల్ ఫ్రేమ్‌తో పోలుస్తారు. అక్కడ కనిపించే తేడాలో సగం తరం తేడా, సైజు తేడా కాదు. కొత్త ఫోకస్, కొత్త ప్రాసెసర్, కొత్త లెన్సు, అన్నీ కలిపి సెన్సర్ ఖాతాలో వేసేస్తారు. ఒకే తరం తీసుకుని చూడాలి. డి7200 వచ్చింది 2015లో, డి750 వచ్చింది 2014లో, రెండూ 24 మెగాపిక్సెలే. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే నేను చెప్పిన ఆ ఒక్క స్టాపే కనిపిస్తుంది.

చీకటిగది:
నేను ఫిల్ము రోజుల నుంచి తీస్తున్నాను, ఒక సంగతి చెప్తాను. ఈ 36×24 అనేది ఆకాశంలోంచి ఊడిపడిన కొలత కాదు. సినిమాకి వాడే 35 మి.మీ. ఫిల్ముని పక్కకి తిప్పి రెండు ఫ్రేముల జాగాలో ఒక ఫోటో తీయడం ఆస్కార్ బార్నాక్ ఆలోచన, 1925లో లైకా బజారుకి వచ్చింది. అప్పటి పెద్ద కెమెరాల వాళ్లకి అది బుల్లి ఫార్మాట్! తర్వాత ప్రపంచమంతా దానికే అలవాటుపడింది, డిజిటల్ వచ్చేసరికి అంత పెద్ద చిప్ చేయడం చాలా ఖర్చు కాబట్టి చిన్నది పెట్టారు, పాతదానికి "ఫుల్" అనే పేరు మిగిలింది. కానన్ 1డీఎస్ 2002లో వచ్చింది, నికాన్ అయితే 2007లో డి3 తెచ్చేదాకా ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ చేయనే లేదు. 1999లో డి1 వచ్చిన దగ్గర్నుంచి ఆ ఎనిమిదేళ్లూ నికాన్ వాడే పత్రికల ఫోటోగ్రాఫర్లు, ఆటల ఫోటోగ్రాఫర్లు క్రాప్ సెన్సర్ మీదే పనిచేశారు. పేరులో "ఫుల్" ఉంది కదా అని మనది సగమే అనుకుని బాధపడొద్దు.

గాజుకన్ను:
చరిత్ర బాగుంది, కానీ ఇప్పుడు మంచి లెన్సులన్నీ ఫుల్ ఫ్రేమ్‌కే వస్తున్నాయి కదా చీకటిగది గారూ. నికాన్ డీఎక్స్‌లో చెప్పుకోదగ్గ ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు ఎన్ని ఉన్నాయి? ఫుజీ వాళ్లు క్రాప్‌నే నమ్ముకున్నారు కాబట్టి అక్కడ వరుసగా ఉన్నాయి, మిగతా కంపెనీల్లో క్రాప్ అంటే మొదటి మెట్టు అన్నట్టే చూస్తారు.

చీకటిగది:
అది నిజమే, ఒప్పుకుంటాను. ఆ ఒక్క కారణంతో మారినా తప్పు లేదు.

నడకమనిషి:
నేను మారి వెనక్కి వచ్చినవాణ్ణి. మొదటి ఆరు నెలలు సంతోషం. తర్వాత సంచి బరువెక్కింది. బాడీ తేడా పెద్దదేం కాదు, లెన్సుల దగ్గరే. సోనీలో ఉదాహరణ చెప్తాను, క్రాప్ కోసం చేసిన సిగ్మా 18-50 ఎఫ్ 2.8 మూడు వందల గ్రాములు కూడా ఉండదు, అదే పని ఫుల్ ఫ్రేమ్‌లో చేసే సిగ్మా 24-70 ఎఫ్ 2.8 మొదటి మోడల్ 830 గ్రాములు. రోజంతా నడిచే నాలాంటి వాడికి మూడో గంట నుంచి తెలుస్తుంది. కెమెరా ఇంట్లో వదిలి వెళ్లడం మొదలుపెట్టాను. ఇంట్లో ఉన్న ఫుల్ ఫ్రేమ్ కంటే చేతిలో ఉన్న క్రాప్ నయమని అమ్మేశాను. అయితే మీరు స్టేజీ ముందు ఒకచోట కూర్చుని తీస్తారు కాబట్టి నా బాధ మీకు వర్తించకపోవచ్చు.

పిట్టలదారి:
నాలాగా 200-500 మోసేవాళ్లకి బరువు గురించి చెప్పకండి :) అదొక్కటే రెండు కిలోలు దాటుతుంది.

వెనకవరుస:
తెరముందు గారూ, నేనూ ప్రదర్శనలే తీస్తాను, పన్నెండేళ్లయింది. మీరు ఒక పని చేయకుండా ఏదీ కొనకండి. గత ఏడాది మీరు ఎంచి ఇచ్చిన నాటకాల ఫోటోలన్నీ ఒకచోట పెట్టి, లైట్‌రూమ్‌లో మెటాడేటా ఫిల్టర్ తెరిచి, ఏ లెన్సుతో, ఏ ఫోకల్ లెంగ్త్‌లో, ఏ ఎఫ్ దగ్గర, ఏ ఐఎస్ఓలో తీశారో చూడండి. ఆ తర్వాత పారేసిన ఫోటోలు కూడా తెరవండి, ఇది ముఖ్యం. ఒక్కొక్కటి ఎందుకు పారేశారో రాయండి: నాయిస్ వల్లా, చేయి కదిలిందా, నటుడు కదిలాడా, ఫోకస్ తప్పిందా, ముఖం మీద వెలుగు లేదా. మీ బాధకి కారణం మీ ఫైళ్లలోనే ఉంటుంది, మేం ఇక్కడి నుంచి ఊహించి చెప్పేది ఊహే. ఓపిగ్గా ఒక సాయంత్రం కూర్చోండి, తర్వాత మాట్లాడుకుందాం.

తెరముందు:
చేస్తాను అండి. ఇలా ఎప్పుడూ చూడలేదు.

గాజుకన్ను:
లెక్కలు చూసుకోండి, మంచిదే, కానీ ఫోటో అంటే లెక్కలు మాత్రమే కాదు. ముఖం వెనక ఉన్నది మెత్తగా కరిగిపోయే తీరు ఫుల్ ఫ్రేమ్‌లో వేరు.

మూడుకాళ్లు:
దాన్ని కూడా కొలవచ్చు గాజుకన్ను గారూ. ఆయన 85 ఎఫ్ 1.8 క్రాప్ మీద పెడితే, కోణం పరంగా, వెనక కరగడం పరంగా, ఫుల్ ఫ్రేమ్ మీద సుమారు 127 మి.మీ. ఎఫ్ 2.7 ఇచ్చిన ఫలితం వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 135 ఎఫ్ 1.8 లాంటిది పెడితే ఇంకా కరుగుతుంది, అవును, క్రాప్‌లో దానికి సాటి దొరకడం కష్టం. మీరు చూసే అందం అబద్ధం కాదు, దాని వెనక లెన్సు కూడా ఉందని మాత్రమే అంటున్నాను. కొందరు ఎఫ్ 2.8 లెన్సుని క్రాప్‌కి పెడితే ఎక్స్‌పోజర్ ఎఫ్ 4 అయిపోతుందని కూడా అనుకుంటారు, అది తప్పు. ఎక్స్‌పోజర్ మారదు. మొత్తం వెలుతురు, లోతు (ఫోకస్‌లో ఉండే మేర) ఈ రెండే మారతాయి.

తెరముందు:
నాలుగు రోజులు పట్టింది, కానీ కూర్చుని చూశాను. రాస్తున్నాను, ఓపిక పట్టి చదవండి.

ఇచ్చిన ఫోటోల్లో పదింట ఏడు 18-140తోనే తీసినవి, అదీ 90 నుంచి 140 మధ్యలో. ఆ చివర లెన్సు ఎఫ్ 5.6కి, లేదంటే దాని దగ్గరకి వచ్చేస్తుంది, అంతకంటే తెరుచుకోదు. షట్టర్ సెకనులో 160వ వంతు, ఐఎస్ఓ ఎక్కువగా 6400. 85తో తీసినవి చాలా తక్కువ. ఎందుకో నాకు గుర్తుంది, అది ఫోకస్ చేసేటప్పుడు గరగరమంటుంది, నిశ్శబ్దంగా ఉన్న సన్నివేశంలో ముందు వరుసలో వాళ్లు తిరిగి చూశారు ఒకసారి, అప్పటి నుంచి సంచిలోనే ఉంటోంది.

పారేసినవి చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. నాయిస్ వల్ల పారేసినవి నేను అనుకున్నంత లేవు. సగం కంటే ఎక్కువ, చేతులో తలో కదిలి మసకబారినవి. నాయిస్ పెరుగుతుందేమోనని భయపడి షట్టర్‌ని తగ్గించి నేనే పాడుచేసుకున్నాను. తర్వాతవి ఫోకస్ తప్పినవి.

వెనకవరుస:
ఇప్పుడు దారి కనిపిస్తోంది కదా. మీకు తక్కువైనది సెన్సర్ కంటే ముందు లెన్సు. ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 2.8కి వస్తే వెలుతురు నాలుగు రెట్లు, రెండు స్టాపులు. ఫుల్ ఫ్రేమ్ బాడీ ఇచ్చేది మూడుకాళ్లు గారు చెప్పినట్టు ఒకటీ పావు లోపే. అంటే ఒక 70-200 ఎఫ్ 2.8 మీ ఇప్పటి డి7200 మీద పెట్టినా ఐఎస్ఓ 6400 కాస్తా 1600 అవుతుంది. లేదంటే 3200 దగ్గర ఉంచి షట్టర్‌ని 320లో ఒక వంతుకి తీసుకెళ్లొచ్చు, మాటలాడే నటుడి చేతులు ఆగడానికి నాకు అదే సరిపోతుంది, డాన్స్ అయితే 500 పెడతాను. మీరు వాడే 90-140 ఆ లెన్సు మధ్యలో పడుతుంది.

ఇంకోటి ఆలోచించండి. ఇప్పుడున్న 18-140 డీఎక్స్ లెన్సుతోనే ఫుల్ ఫ్రేమ్ బాడీకి మారారనుకోండి, కెమెరా దానంతట అదే క్రాప్ కోతకి పోతుంది, 10 మెగాపిక్సెల్ మిగులుతుంది, కొన్న ఆ ఒక్క స్టాపు కూడా పోతుంది. అంటే బాడీ కొన్నాక లెన్సు ఎలాగూ కొనాలి. లెన్సు ముందు కొంటే బాడీ ఆగొచ్చు. బాడీ ముందు కొంటే లెన్సు ఆగదు.

నడకమనిషి:
ఈ చివరి మాట ఐదేళ్ల క్రితం నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కొత్తచూపు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది కానన్ క్రాప్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా), ఈఎఫ్-ఎస్ (కానన్ క్రాప్ కోసం చేసిన) లెన్సులు రెండు ఉన్నాయి. నాక్కూడా ఇదే వర్తిస్తుందా?

మూడుకాళ్లు:
లెక్క ఒకటే, బిగింపులో తేడా ఉంది. ఈఎఫ్-ఎస్ లెన్సులు కానన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లకి అసలు ఎక్కవు. ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌కి (అద్దం లేని కెమెరాలకి) అడాప్టర్‌తో ఎక్కుతాయి, అప్పుడు బాడీ క్రాప్‌కి మారుతుంది. ఈఎఫ్ లెన్సు (ఫుల్ ఫ్రేమ్ కోసం చేసినది) కొంటే రెండు చోట్లా పనికొస్తుంది.

గాజుకన్ను:
వెనకవరుస గారి లెక్కకి ఎదురు చెప్పలేను. కానీ ఒక పక్షం వదిలేస్తున్నారు. ఆయన రెండో బాధ ఫోకస్. కొత్త మిర్రర్‌లెస్ ఫుల్ ఫ్రేమ్‌లో ఫోకస్ సెన్సర్ మీదే జరుగుతుంది, ఫ్రేము అంచుల దాకా పాయింట్లు ఉంటాయి, కన్ను పట్టుకుంటుంది. షట్టర్ చప్పుడు ఉండదు. నాటకాల వాళ్లకి నిశ్శబ్దం ఎంత పెద్ద వరమో మీకే తెలియాలి.

వెనకవరుస:
ఒప్పుకుంటాను, అందులో చాలా నిజం ఉంది. నేనూ ఆ నిశ్శబ్దం కోసమే మిర్రర్‌లెస్‌కి మారాను, సెన్సర్ కోసం కాదు. డీఎస్ఎల్ఆర్ ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్తే ఫోకస్ దగ్గర వెనక్కి పోయినట్టు కూడా అనిపించొచ్చు, డి750లో 51 పాయింట్లూ మధ్యలో గుంపుగా ఉంటాయి, డి7200లో అవే ఫ్రేములో చాలా భాగం పరుచుకుంటాయి. కానీ నిశ్శబ్దానికి ఒక షరతు ఉంది. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని పైనుంచి కిందికి వరుసగా చదువుతుంది. నెమ్మదిగా చదివే బాడీల్లో వేగంగా తిరిగే చేయి వంగిపోతుంది, ఎల్ఈడీ లైట్ల కింద బొమ్మ మీద అడ్డచారలు వస్తాయి. జెడ్8, జెడ్9 లాంటి వాటిలో చదవడం చాలా వేగం, అందుకే వాటికి మెకానికల్ షట్టరే పెట్టలేదు. మధ్యరకం బాడీ కొంటే ఆ హాలు లైట్ల కిందే పరీక్షించి చూసుకోవాలి.

ఇంకా, తెరముందు గారి 85 ఎఫ్ 1.8డి సంగతి. ఆ లెన్సులో మోటారు లేదు, డి7200 బాడీలోని మోటారే దాన్ని తిప్పుతుంది, ఆ గరగర దానిదే. నికాన్ జెడ్ బాడీలకి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో పెడితే ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. 200-500కి ఆ సమస్య లేదు, దానిలో సొంత మోటారు ఉంది.

పిట్టలదారి:
నాయిస్ మిగిలితే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది, మర్చిపోకండి. 2023లో లైట్‌రూమ్‌లో వచ్చిన డీనాయిస్, డీఎక్స్ఓ వాళ్ల ప్యూర్‌రా, రెండూ రా ఫైలు (సెన్సర్ ఇచ్చిన అసలు డేటా) మీద చేసే పని చూసి నేను పాత పిట్టల ఫోటోలన్నీ మళ్లీ తెరిచాను. నా కంటికి ఒక స్టాపు పైనే లాభం. అయితే చాలా చిన్నగా పడిన ముఖాల్లో లేని నునుపు తెస్తుంది, కొంచెం తగ్గించి వాడాలి. కదిలిన చేతిని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా ఆపలేదు, దానికి షట్టరే.

తెరముందు:
ఒక పని చేశాను. వచ్చే నెల ప్రదర్శనకి మొన్న రిహార్సల్ ఉంది, లైట్లన్నీ వేసి చేస్తారు. ఒక 70-200 ఎఫ్ 2.8, ఒక 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ, అడాప్టర్ అద్దెకి తెచ్చాను. మొదటి అంకం డి7200తో, రెండోది మిర్రర్‌లెస్‌తో, మూడోదానిలో మార్చి మార్చి. లెన్సు మాత్రం ఒకటే.

ఎఫ్ 2.8, 1600 దగ్గర రెండు ఫైళ్లూ స్క్రీన్‌కి సరిపడా పెట్టి చూస్తే ఏది దేనిదో నేను చెప్పలేకపోయాను, దర్శకుడికి చూపిస్తే ఆయనా చెప్పలేకపోయాడు. 6400 దగ్గర తేడా ఉంది, నీలం లైటు కింద నీడల్లో బాగా తెలుస్తుంది, ఫుల్ ఫ్రేమ్ శుభ్రంగా ఉంది. కానీ ఎఫ్ 2.8 ఉంటే 6400 దాకా వెళ్లాల్సి వచ్చింది ఒక్క సన్నివేశంలోనే, దీపం ఒకటే వెలిగే చోట.

నన్ను కదిలించింది మాత్రం ఆ నిశ్శబ్దం. ఒక తల్లి పాత్ర కొడుకు ఉత్తరం చదివే చోట హాల్లో ఊపిరి కూడా వినిపించదు. ఇన్నేళ్లూ అక్కడ నేను కెమెరా దించేసేవాణ్ణి, చప్పుడవుతుందని. మొన్న మొదటిసారి ఆ ముఖాన్ని తీశాను, నలభై ఫ్రేములు, ఎవరూ తల తిప్పలేదు. అందులో రెండు ఫోటోలు నేను ఇప్పటిదాకా తీసినవాటిలో మంచివని అనుకుంటున్నాను. చారలు మాత్రం ఒక లైటు కింద వచ్చాయి, షట్టర్ 100కి తగ్గిస్తే పోయాయి.

వెనకవరుస:
చదువుతుంటే సంతోషంగా ఉంది. ఆ సన్నివేశం తీయగలగడం ముందు, మిగతావన్నీ తర్వాత.

గాజుకన్ను:
అయితే మారుతున్నట్టేనా?

తెరముందు:
మారతాను, కానీ వరుస మార్చి. ఇప్పుడు 70-200 ఎఫ్ 2.8 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటాను, డి7200 మీదే ఈ ఏడాది నడిపిస్తాను, క్వయట్ మోడ్ పెట్టి తీయగలిగినవి తీస్తాను. ఉత్తరం లాంటి సన్నివేశాలు ఉన్న నాటకానికి మిర్రర్‌లెస్ బాడీ ఒక రోజు అద్దెకి తెచ్చుకుంటాను. డబ్బు కుదిరాక ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కొంటాను, అప్పుడు కూడా డి7200 అమ్మను, 200-500కి అతుక్కుని పిట్టల దగ్గరే ఉంటుంది. పిట్టలదారి గారు చెప్పిన ఆ 10 మెగాపిక్సెల్ లెక్క నా మనసులోంచి పోవడం లేదు.

పిట్టలదారి:
మంచి నిర్ణయం. నేనైనా అదే చేస్తాను.

తెరముందు:
ఒక్క సందేహం మిగిలింది. సెకండ్ హ్యాండ్ 70-200 చూసేటప్పుడు ఏమేం గమనించాలి? రేపు ఒకటి చూడటానికి వెళ్తున్నాను.

వెనకవరుస:
మీ డి7200 వెంట తీసుకెళ్లండి, ఒక చిన్న టార్చి కూడా. రెండు మూతలూ తీసి వెనకనుంచి టార్చి వేసి ముందునుంచి చూడండి, సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే ఫంగస్, తీసుకోవద్దు. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే పట్టించుకోకండి. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందేమో చూడండి. తర్వాత 200 దగ్గర, ఎఫ్ 2.8లో, దగ్గరగా ఉన్నదాన్ని ఒకసారి, దూరంగా ఉన్నదాన్ని ఒకసారి తీసి కెమెరాలో పెద్దది చేసి చూడండి, ఒకటి బాగుండి ఇంకోటి ముందుకో వెనక్కో పోతే అనుమానించాలి. రెండూ ఒకేవైపు కొద్దిగా పోతే డి7200లో ఫైన్ ట్యూన్‌తో సరిచేసుకోవచ్చు. వీఆర్ (చేతి వణుకుని సర్దేది) ఆన్ చేసి షట్టర్ సగం నొక్కి పట్టుకుని వ్యూఫైండర్‌లో చూడండి, బొమ్మ మెత్తగా నిలబడాలి, ఎగిరిపడకూడదు. చివరగా ఒకటి, పేరులో ఏఎఫ్-ఎస్ (సొంత మోటారు ఉన్నది) అని ఉన్నదే తీసుకోండి, రేపు అడాప్టర్ మీద కూడా ఫోకస్ పనిచేస్తుంది.

తెరముందు:
రాసుకున్నాను. టార్చి సంచిలో పెట్టేశాను.